ఎడమ భుజం మీది మచ్చ

అమెరికాలో జనవరి 28ని పిల్లల వైద్యులను గౌరవించే రోజుగా పాటిస్తారని నిరుడు అదే రోజున, ఆసుపత్రి వార్డు తలుపుకు చిన్నపిల్లలు రంగులతో గీసి అంటించిన కార్డులను చూసినప్పుడు నాకు మొదటిసారి తెలిసింది. అప్పటికి మా పాప జ్వరం దిగి కొన్ని గంటలే అయింది.

పాపకు అప్పుడు పద్నాలుగు నెలలు. తెనాలిలో పుట్టి, ఐదో నెలలో మాతోపాటు న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చింది. జనవరి 22 రాత్రి మొదలైన జ్వరం 104 డిగ్రీలకు చేరింది. మందు వేస్తే రెండు గంటలు తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగేది. మూడో రోజు దగ్గరలోని అర్జెంట్ కేర్‌కు, అంటే ముందుగా సమయం తీసుకోకుండా వెళ్లే క్లినిక్‌కు, తీసుకువెళ్తే గొంతు పరీక్ష చేసి, వైరల్ జ్వరమన్నారు, కళ్లు ఎర్రబడ్డాయని చుక్కల మందు రాసిచ్చారు. ఆ రోజుకు కనిపించిన లక్షణాలను బట్టి వారు చెప్పింది అసంబద్ధమేమీ కాదు. కానీ ఆ కళ్లలో పుసి లేదు, కేవలం ఎరుపే ఉంది. ఆ తేడాకు అర్థముందని నాకు అప్పుడు తెలియదు.

నాలుగో రోజు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ, "తట్టు పోసిందేమోనే, బట్టలన్నీ విప్పి వెలుతురులో చూడు" అన్నది. చూస్తే పెదవులు పగిలి ఉన్నాయి, అరచేతులు ఉబ్బి ఉన్నాయి. పాలసీసా నోటికి తగలగానే పాప ఏడ్చి తోసేసింది. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పలేని బిడ్డను రాత్రంతా భుజాన వేసుకుని తిరగడం ఎలాంటిదో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఐదో రోజు ఉదయం మా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆమె కూడా ముందు పాప బట్టలన్నీ విప్పించారు. కళ్లు, స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా గరుకుదేలిన నాలుక, మెడలో గడ్డ, పాదాలు అన్నీ తొందరపడకుండా చూశారు. చివరికి ఎడమ భుజం దగ్గర ఆగి, "ఈ మచ్చ ఇలా ఎర్రబడి ఉబ్బింది ఎప్పటి నుంచి?" అని అడిగారు. అది పుట్టిన వెంటనే తెనాలిలో వేసిన, క్షయ నుంచి కాపాడే బీసీజీ టీకా మచ్చ. అమెరికాలో పుట్టిన పిల్లలకు మామూలుగా ఆ టీకా వేయరు, కాబట్టి ఆ మచ్చను రోజూ చూసే అవకాశం ఆమెకు లేదు. అయినా చిన్నపిల్లల్లో రక్తనాళాలు వాచే కవాసాకి వ్యాధిలో పాత బీసీజీ మచ్చ ఎర్రబడవచ్చునని ఆమెకు తెలుసు. మమ్మల్ని అటునుంచి అటే పిల్లల ఆసుపత్రికి పంపించారు.

ఈ వ్యాధిని నిర్ధారించే ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు. రక్తపరీక్షలు అనుమానాన్ని బలపరుస్తాయి, అంతే. లక్షణాలన్నిటినీ కలిపి చదవగలిగిన కన్ను కావాలి. దీన్ని మొదట గుర్తించినది కూడా ఒక పిల్లల వైద్యుడే. టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో డాక్టర్ తొమిసాకు కవాసాకి 1961 జనవరిలో నాలుగేళ్ల బాలుడిలో ఈ లక్షణాలను చూసి, తెలిసిన ఏ జబ్బులోనూ అవి ఇమడకపోవడంతో, అటువంటి పిల్లలను ఒక్కొక్కరినీ గమనిస్తూ వచ్చి, 1967లో యాభైమంది వివరాలను ప్రచురించారు. చికిత్స అందకపోతే నలుగురిలో ఒకరికి దాకా గుండెకు రక్తాన్నిచ్చే కరోనరీ ధమనులు ఉబ్బే ప్రమాదముంది. పది రోజులలోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షకాల మందు ఎక్కిస్తే ఆ ప్రమాదం ఐదు శాతం దగ్గరకు తగ్గుతుంది. మేము ఐదో రోజున ఉన్నాం.

గుండెకు ఎకో (అల్ట్రాసౌండ్ స్కాన్) తీస్తే కుడి ధమని కొద్దిగా వెడల్పైనట్టు కనిపించింది. 27న, కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, వేలమంది దాతల ప్లాస్మా నుంచి తయారైన ఆ మందును దాదాపు పన్నెండు గంటలపాటు చుక్కచుక్కగా ఎక్కించారు. నర్సు వచ్చి నాడి, బీపీ చూసిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టుకున్నాను. 28 తెల్లవారేసరికి ఒళ్లు చల్లబడింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి పాప చేయి చాచి, అన్నం ముద్ద అడిగింది.

కోలుకోవడం ఆ రోజుతో పూర్తి కాలేదు. రెండో వారంలో గోళ్ల చుట్టూ చర్మం పొరలు పొరలుగా ఊడుతుంటే నేను భయపడి ఫోను చేశాను. అది వ్యాధి తగ్గే క్రమంలో మామూలేనని డాక్టరు ఓపికగా చెప్పారు. చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఆరు వారాలు సాగింది. ఆస్పిరిన్ వాడే పిల్లలకు ఫ్లూ సోకితే కాలేయానికీ మెదడుకూ ప్రమాదమని ఇంటిల్లిపాదికీ ఫ్లూ టీకా వేయించారు. ఆరో వారం ఎకోలో ధమని మామూలు కొలతకు వచ్చింది. ఆ తెర మీద సన్నని నల్లని గీతను టెక్నీషియన్ కొలుస్తున్నంతసేపూ నేను పాప పాదం పట్టుకునే ఉన్నాను.

ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాక పదకొండు నెలల దాకా తట్టు, గవదబిళ్లల టీకా పనిచేయకపోవచ్చు కనుక పదిహేనో నెలలో వేయవలసిన టీకాను వాయిదా వేశారు. ఈ జనవరిలో దానికోసం మా పిల్లల డాక్టరు దగ్గరకే వెళ్లాం. నేను ఒక కార్డు రాసి తీసుకువెళ్లాను. ఆమె దాన్ని చదివి బల్లమీద పెట్టుకుని, పాప స్వెట్టరు చేయి పైకి మడిచి, సూది తీయకముందే ఎడమ భుజాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి చూశారు. మచ్చ చర్మం రంగులో కలిసిపోయి, బియ్యపుగింజంత మాత్రమే ఉంది.