బారువడ్డీ పాఠంలో లోన్ యాప్

ఇన్‌స్పెక్షన్ కారు ఇప్పుడే గేటు దాటింది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. ఫోన్ మోసాల గురించి పిల్లలకి చెప్పాలని జూన్ నుంచీ అనుకుంటున్నాను. ఒక పీరియడ్ ఇవ్వమంటే హెడ్మాస్టారు టైంటేబుల్ నా ముందు పెట్టి, "ఖాళీ ఎక్కడుందో మీరే వెతుక్కోండి" అన్నారు. లేదు. ఆటల పీరియడ్ అడిగాను, పీఈటీ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తప్పు మీరు చేయకండి.

చివరికి ఏడో తరగతి బారువడ్డీ పాఠంలోనే దూర్చేశాను. బోర్డు మీద రాశాను: యాప్‌లో అప్పు 5,000. 'ప్రాసెసింగ్ ఫీజు' పోను చేతికొచ్చింది 3,000. వారంలో కట్టాల్సింది 5,000. వడ్డీ ఎంత శాతం?

అందరూ 40 అన్నారు. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "చేతికొచ్చింది మూడు వేలే కదండీ, దాని మీద కదా వేయాలి" అంది. వేస్తే 66 దాటింది. అదీ వారానికి. 52తో గుణిస్తే ఏడాదికి 3,466 శాతం. "అయితే మా ఊళ్లో పది రూపాయల వడ్డీకిచ్చే ఆయన దేవుడండీ!" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఆఫీసరు లోపలికొచ్చారు.

"ఏం మాస్టారూ, పిల్లలకి అప్పులు చేయడం నేర్పుతున్నారా? ఇది ఏ పేజీలో ఉంది?" ఏ పేజీలోనూ లేదు. లెసన్ ప్లాన్ అడిగారు. అందులోనూ లేదు. 22 ఏళ్ల సర్వీసు నాది, నా దగ్గర చదివినవాళ్లు ముగ్గురు బ్యాంకుల్లో ఉన్నారు. అలాంటిది ఏడో తరగతి పిల్లల ముందు తలొంచుకుని నిలబడ్డాను. చేతిలో చాక్‌పీసు పిండైపోయింది. ఆయనే డస్టర్ తీసుకుని బోర్డు తుడిచి, పుస్తకంలో ఒక లెక్క మీద వేలు పెట్టి "ఇది చెప్పండి" అన్నారు. చెప్పాను. గొంతు నాది కాదనిపించింది. రిజిస్టర్లో 'సిలబస్ వెనుకబడింది' అని రాసి వెళ్లారు. వెనుకబడింది రెండంటే రెండు రోజులు!

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంటోంది. కోడింగ్ సంగతి తర్వాత. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదని మొన్న చెబితే నా క్లాసులో సగం మంది నోళ్లు తెరిచారు. వాళ్లమ్మల ఫోన్లు నడిపేది వీళ్లే.

మీరూ చెప్పాలనుకుంటే రెండు మాటలు బోర్డు మీద రాయించండి. అప్పిచ్చే ముందే ఏడాదికి అన్నీ కలిపి ఎంత శాతం పడుతుందో చూపించాలని, ఫోన్లో కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వేరే పీరియడ్ కోసం మాత్రం ఎవర్నీ బతిమాలకండి.

రేపటి లెసన్ ప్లాన్ రాసేశాను: 'బారువడ్డీ – నిత్యజీవిత సమస్యలు'. దానికి ఎవరూ పేజీ నంబరు అడగరు. ఆయన తుడిచిన లెక్క పిల్లల నోట్సుల్లో ఎలాగూ ఉంది.