మిగులు టమాటాతో సీసా గుజ్జు: నాలుగు విడతల నోట్సు

అంతా ఒకేసారి కోతకొచ్చి తోటలోనే మెత్తబడే టమాటాను గుజ్జు చేసి అమ్మే పని ఇది. విడతకు 20 కిలోలు. అంతకు మించితే ఇంటి పొయ్యి మీద ఉడకడం ఆలస్యమై రంగు నల్లబడుతుంది.

విడత 1. కాయలన్నీ కోసి, పచ్చిగానే మిక్సీ పట్టి, అరగంట తర్వాత పొయ్యెక్కించాం. రుచికి వంక లేదు. మర్నాటికి సీసాలో గుజ్జు పైకి తేలి, అడుగున రెండు వేళ్ల మందాన పసుప్పచ్చని నీళ్లు నిలిచాయి. కాయ తెగగానే అందులోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొడతాయి, గుజ్జును పట్టి ఉంచేది ఆ పెక్టినే. నీరు విడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు గానీ, కొనేవాళ్లు సీసా ఊపి చూసి పక్కన పెట్టేస్తారు.

విడత 2. ముందు కిలో ముక్కలు కోసి వెంటనే మరిగించి, మిగతావి కోసినవి కోసినట్టే ఆ మరుగులో గుప్పెడు గుప్పెడు వేశాం. మరుగు ఆగనివ్వకపోవడమే కిటుకు. నీరు విడలేదు. తొక్క, గింజ జల్లెడలో పోగా 17 కిలోల రసం, రిఫ్రాక్టోమీటర్‌లో (రసం చిక్కదనం చూపే పరికరం) 5 బ్రిక్స్, అంటే నూటికి సుమారు 5 పాళ్లు కరిగిన చక్కెర వగైరా, తక్కినది నీరు. 10 బ్రిక్స్ దాకా మరిగిస్తే లెక్క ప్రకారం 8.5 కిలోలు రావాలి. 8.2 వచ్చింది, తక్కినది గిన్నెకూ గరిటెకూ అంటుకుంది. ధర కట్టేటప్పుడు ఈ 20కి 8.2 లెక్కే తీసుకోవాలి; గ్యాసు, సీసా, మూత ఆ తర్వాత.

చిక్కబడేకొద్దీ సన్న నురుగు పోయి 'డుబుక్ డుబుక్'మని పెద్ద బుడగలు లేస్తాయి. చెయ్యి కాలేదీ, అడుగంటేదీ అప్పుడే. మంట సగానికి తగ్గించి, చదును అంచున్న చెక్క గరిటెతో అడుగు గీకుతూనే ఉండాలి. వెడల్పు స్టీలు గిన్నె మేలు. అల్యూమినియంను పులుపు తినేస్తుంది.

విడత 3. బాగా మగ్గిన కాయే తియ్యన, కానీ మగ్గేకొద్దీ పులుపు తగ్గి పీహెచ్ (పులుపు కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపెక్కువ) పెరుగుతుంది. 4.6 దాటితే సీసాలో బొటులిజం (గాలి లేని చోట పెరిగే బాక్టీరియా విషంతో ప్రాణం మీదికి తెచ్చే జబ్బు) భయం. ఈసారి గుజ్జు 4.5 చూపించింది. అర లీటరుకు పావు టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపితే 4.2 కిందికి దిగింది. పీహెచ్ మీటరును పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన ద్రావణాలతో సరిచేసి, నమూనాను చల్లార్చాకే ముంచాలి. నాలుకతో పులుపు చూసి సరిపెట్టుకోవడం ప్రమాదం. ఎండిన మొక్క మీది కాయను అసలు వాడొద్దు.

విడత 4. అర లీటరు సీసాలు 16. వేడి సీసాలో వేడి గుజ్జు, పైన అర అంగుళం ఖాళీ, మూత, ఆపై సీసా మునిగేలా మరిగే నీటిలో 35 నిమిషాలు. సముద్ర మట్టానికి 300 మీటర్లు దాటిన ఎత్తులో ఇంకా ఎక్కువసేపు ఉంచాలి. ఒక సీసా పగిలింది: అది చల్లటి బండ మీద పెట్టినది. ఇంకో రెండిటికి మూత పట్టలేదు, అంచున గుజ్జు తుడవకపోవడం వల్ల. మర్నాడు మూత మధ్య నొక్కితే 'టక్'మన్నవి ఇవే. వాటిని ఫ్రిజ్‌లో పెట్టి ఇంట్లోకే వాడేయడం.

మిగిలిన 13లో రెండు వెచ్చని గదిలో రెండు వారాలు పరిశీలనకు. మూత ఉబ్బితే రుచి కూడా చూడకుండా ఆ విడతంతా పారబోయాలి. తక్కిన 11కి విడత నంబరు, తయారీ తేదీ, బరువు, 'టమాటా, నిమ్మ ఉప్పు' అని చీటీలు అంటించాం. ఆ రెండు వారాలు గడిచేదాకా ఒక్కటీ అమ్మకానికి పెట్టేది లేదు.