రెండు తప్పులు కలిపితే

13, 14 ఏళ్లకే కాలేజీలో చేరిన మన బ్యాచ్ కలయిక కోసం వ్యాసం రాయమని సావనీరు కమిటీ వాళ్లు రెండు నెలలుగా వెంటపడుతున్నారు. "సొంత సోది వద్దు, అది అందరూ రాస్తున్నారు. కొత్తగా చేరే పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ పనికొచ్చే ముక్కలు రాయి చాలు" అని షరతు. కనుక గొడుగు రోజు ప్రస్తావన ఇందులో రాదు. మూడో టేబుల్ వాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు.

13, 14 ఏళ్లకే కాలేజీకి వస్తామనే అమ్మాయిల దరఖాస్తులు చదివే బల్లకి అవతలి వైపు ఇప్పుడు మన బ్యాచ్ వాళ్లమే నలుగురం కూర్చుంటున్నాం, తలో చోట. మిగతా ముగ్గురూ ఈ సంగతి తమంతట చెప్పుకోరు కాబట్టి నేనే చెబుతున్నాను. మార్కుల జాబితా తర్వాత చూస్తామనేసరికి తల్లిదండ్రులు తెల్లబోతారు. తమ తరగతి పరీక్షలో 99 తెచ్చుకున్న ఇద్దరు పిల్లల మధ్య తేడా ఆ పరీక్ష చెప్పలేదు, దాని కొలబద్ద అక్కడితో అయిపోయింది. అందుకే పై తరగతుల వాళ్ల ప్రశ్నపత్రం ఇచ్చి చూడాలి. 1972లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ చేసిందీ ఇదే. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షను 12, 13 ఏళ్ల పిల్లల చేత రాయించారు. కింద 99 దగ్గర ఒకే వరసలో నిలబడ్డవాళ్లు అక్కడ చాలా దూరం దూరంగా జరిగిపోతారు.

ఆ తర్వాత, అమ్మాయికి రావాలని ఉందా? పెద్దవాళ్లను గది బయటకి పంపి అడగాల్సిన ప్రశ్న ఇది. స్కూల్లో తరగతి దాటించే ముందు వాడుతూ వచ్చిన అయోవా యాక్సిలరేషన్ స్కేల్ అనే మదింపు పట్టిక కూడా, పిల్ల వద్దంటే దాటించవద్దనే అంటుంది. దూకి వెళ్లే తరగతిలో అక్కో అన్నో ఉన్నా అదే మాట.

మూడోది ఖాళీలు. రెండు మూడు తరగతులు దూకి వచ్చిన పిల్లకి తను ఏం దూకిందో తెలీదు. కాల్క్యులస్ రావట్లేదని ఏడ్చే పిల్ల కాగితం తీసి చూస్తే తప్పు లాగరిథమ్ నియమంలోనో, త్రికోణమితి సూత్రంలోనో, పాక్షిక భిన్నాల్లోనో ఉంటుంది. దూకిన ప్రతి పాఠం చివరి నుంచి పది లెక్కలు తీసి, కాలిక్యులేటర్ లేకుండా, టైము రాసుకుంటూ చేయించాలి. పదికి ఎనిమిది వచ్చినా గంట పట్టిందంటే అది కూడా ఖాళీయే. పరీక్ష హాల్లో ఆ గంట ఎవరూ ఇవ్వరు. వేసవి సెలవుల్లో ఆరు వారాలు కూర్చుంటే ఇవన్నీ పూడుతాయి. చేరాక పూడ్చుకుందాంలే అనుకుంటే పూడవు.

ఇక మనకి లెక్కలు చెప్పిన సుద్దముక్క మేడమ్. కమిటీ కత్తెర వేసినా సరే, ఇది రాయకుండా ముందుకు పోయేది లేదు.

ఆవిడ తలుపు మీది కాగితం గుర్తుందిగా: "సగం చేసిన లెక్కతో రండి." ఖాళీ కాగితంతో వెళ్తే వెనక్కి పంపేవారు. పూర్తి చేసి పట్టుకెళ్తే "మరి ఎందుకొచ్చావమ్మా?" అని నిజంగానే ఆశ్చర్యపోయేవారు. కాగితానికి ఒక పద్ధతి. ఎడమవైపు మూడు వేళ్ల మార్జిన్. ఎరేజర్ వాడకూడదు, తప్పుని ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఏముందో కనబడాలి. ఆగిపోయిన చోట అడ్డంగా గీత, దాని కింద ఒకే ఒక వాక్యం: "ఇక్కడిదాకా వచ్చాను, ఇప్పుడు ఫలానాది చేయొచ్చో కూడదో తెలీలేదు." ఆ వాక్యం సరిగ్గా రాస్తే చాలాసార్లు తలుపు తట్టే అవసరమే ఉండేది కాదు. తట్టబోయి వెనక్కి తిరిగిన వాళ్లని ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉండేవారట.

మొదటి నెలంతా ఆ తలుపు ఎవరూ తట్టలేదు. స్కూల్లో మనం జవాబు చెప్పడానికే చెయ్యెత్తాం, అడగడానికి ఎత్తింది లేదు. అడిగామంటే పొరపాటున మనల్ని ఇక్కడ చేర్చుకున్నారని బయటపడిపోతుందని భయం. ఇరవై మందికీ ఇదే భయమని ఇరవై మందిలో ఒక్కరికీ తెలీదు.

తర్వాత ఆ పరీక్ష. ఎక్స్ పవర్ ఎక్స్‌కి డెరివేటివ్ (ఎక్స్ కాస్త కదిలితే దాని విలువ ఎంత వేగంగా మారుతుందో) రాయండి, అంతే ప్రశ్న. సగం క్లాసు పైనున్న ఎక్స్‌ని ముందుకి దించి, పవర్‌లోంచి ఒకటి తీసేసి, చివరికి మళ్లీ ఎక్స్ పవర్ ఎక్సే రాసింది. తిప్పి తిప్పి ఇచ్చిందే వచ్చిందేమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు. మిగతా సగం ఎక్స్ పవర్ ఎక్స్‌ని లాగ్ ఎక్స్‌తో గుణించింది. అందరికీ సున్నా. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు (పేర్లు చెప్పాలా?) ఒకరికి తెలియకుండా ఒకరు పేపరు మడిచి పుస్తకంలో దాచుకున్నారు. మేడమ్ రెండూ అడిగి తీసుకుని ఆ రెండు జవాబుల్నీ బోర్డు మీద పక్కపక్కన రాశారు, మధ్యలో జానెడు జాగా వదిలి.

"కాలిక్యులేటర్లు తీయండి. 2 పవర్ 2 ఎంత?" 4. "2.001 పవర్ 2.001?" 4.00678. పెరిగింది 0.00678, దాన్ని 0.001తో భాగిస్తే 6.78. ఎక్స్ విలువ 2 దగ్గర అసలు జవాబు దరిదాపుగా అంత ఉండాలి. ఎడమవైపు జవాబులో 2 వేస్తే 4. కుడివైపుది 4 ఇంటూ 0.693 (2కి సహజ లాగ్), అంటే 2.77. రెండూ చాలవు. అప్పుడావిడ ఆ జానెడు జాగాలో ప్లస్ గుర్తు పెట్టారు. 6.77. మిగిలిన కాస్త తేడా 0.001 వల్ల వచ్చింది, దాన్ని ఇంకా తగ్గిస్తే అదీ పోతుంది.

ఆ లెక్కలో ఎక్స్ రెండు చోట్ల ఉంది, రెండూ కదులుతాయి. ఒక సగం పైదాన్ని కదలకుండా పట్టుకుని కిందిదాన్ని కదిపింది, రెండో సగం కిందిదాన్ని పట్టుకుని పైదాన్ని కదిపింది. రెండు మార్పులూ కలిపితేనే మొత్తం మార్పు. లాగ్ తీసుకుని చేసినా నాలుగు లైన్లలో ఇదే వస్తుంది. పైనున్నది స్థిరమైతేనే మొదటి రూలు చెల్లుతుంది, కిందున్నది స్థిరమైతేనే రెండోది. చురుకైన పిల్లలు రూలు ఒక్కసారి వింటే పట్టేస్తారు, దాని పక్కనున్న షరతు చెవిన పెట్టరు. స్కూలు లెక్కల్లో షరతు తప్పే లెక్క వాళ్లకి తగలదు మరి. ఆ రోజు మేడమ్ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఇద్దరి పేపర్లూ తిప్పి ఇచ్చేటప్పుడు ఒకరిది ఇంకొకరికిచ్చారు.

మర్నాడు ఆ తలుపు ముందు ఎనిమిది మంది. తప్పుల పుస్తకం మొదలైందీ అప్పుడే. ఇప్పటి పిల్లలకి అప్పగించాల్సిన ఆస్తి ఇదే కనుక పద్ధతి రాస్తున్నాను. పేజీకి మూడు నిలువు వరసలు: ఏం రాశాను, ఏ షరతు చూడలేదు, ఇది మళ్లీ ఎక్కడ తగలొచ్చు. సరైన జవాబు మొత్తం దించి రాయకూడదు, అది చేతిరాత అభ్యాసమే అవుతుంది. వారానికి ఒకసారి అరగంట మూడో వరస మాత్రం చదవాలి. రెండో వరసలో ఒకే మాట మూడుసార్లు కనబడితే ఆ పాఠానికే వెనక్కి వెళ్లాలి.

పని భారం లెక్క చాలామంది తప్పు వేస్తారు. ఒక క్రెడిట్ అంటే వారానికి గంట క్లాసు, దానికి బయట రెండు గంటల చదువు. 15 క్రెడిట్లు అంటే 45 గంటలు. ఇన్నాళ్లూ హోంవర్కు బడి బస్సులోనే ముగించేసిన పిల్లకి, క్లాసు బయటి ఆ 30 గంటలు రోజులో ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాదు. మొదటి టర్ముకి 12 చాలు: ఒక లెక్కలు, ఒక ల్యాబు సబ్జెక్టు, ఒక రాత కోర్సు, ఒకటి ఇష్టానికి. రెండు ల్యాబులు ఒకే టర్ములో వద్దు. కాగితం మీద ఒక్క క్రెడిట్ కనిపించే ల్యాబు మూడు గంటలు నిలబెడుతుంది, రిపోర్టు ఇంకో సాయంత్రం తింటుంది. కోర్సు వదులుకోవడానికి ఆఖరి తేదీ మొదటి రోజే గోడ మీద రాసి పెట్టాలి. ఆ తేదీకి ముందు వదిలేస్తే మార్కుల పత్రంలో వదులుకున్నట్టు ఒక అక్షరం మాత్రమే పడుతుంది, తర్వాతైతే ఫెయిల్ పడుతుంది. వదలడం అవమానమనుకుని చివరిదాకా లాగింది ఎవరో మీకందరికీ తెలుసు, ఆవిడ ఇప్పుడు పిల్లలకి ఈ తేదీ గురించే క్లాసు పీకుతుంది.

నిద్ర తగ్గించి ఆ గంటలు తేవడం కుదరదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. 20 ఏళ్ల సహాధ్యాయులు రాత్రి పదకొండుకి పెట్టుకునే గ్రూప్ స్టడీ వీళ్లకి పనికిరాదు. సాయంత్రం ఐదుకి లైబ్రరీలో, నలుగురికి మించకుండా కూర్చోవాలి. ఆ నలుగురిలో ఈ పిల్ల జవాబుల యంత్రం అయిపోకూడదు. చేసిన లెక్క ఫోటో పంపితే కాపీ కొట్టినవాళ్లతో పాటు ఇచ్చినవాళ్ల మీదా చర్య ఉంటుంది.

పొట్టి బ్యూరెట్! నవ్వండి, నవ్వండి. కానీ కొత్త ల్యాబ్ అసిస్టెంట్లకి ఇది ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తోంది. బ్యూరెట్ అంటే ద్రవం ఎంత వాడామో కొలిచే, గీతలున్న పొడవాటి గాజు గొట్టం. అందులో ద్రవం కంటికంటే ఎత్తులో ఉంటే కిందినుంచి చూసిన చూపు అసలు గీతకంటే దిగువ గీత మీద పడుతుంది. బ్యూరెట్ అంకెలు కిందికి పోయేకొద్దీ పెరుగుతాయి కనుక రీడింగ్ ఎక్కువ వస్తుంది. మొదటి రీడింగ్ పైన ఉంటుంది, పొట్టి పిల్లకి అక్కడ తప్పు పడుతుంది. చివరిది కంటి దగ్గరికి దిగి వస్తుంది, అది సరిగ్గా వస్తుంది. తీసివేస్తే వాడిన ద్రవం తక్కువ తేలుతుంది, అదీ ప్రతిసారీ తక్కువే, కాబట్టి మూడుసార్లు చేసిన కొలతలూ చక్కగా కలుస్తాయి, అనుమానమే రాదు. స్టూలెక్కి యాసిడ్ పోయడం మాత్రం ఎన్నటికీ వద్దు. స్టాండు క్లాంపు వదులు చేసి బ్యూరెట్‌ని భుజం కిందికి దించి నింపాలి, చదివే ముందు కంటి ఎత్తుకి జరపాలి. గ్లవ్స్ అతి చిన్న సైజు ముందే తెప్పించమని చెప్పాలి, వేళ్ల చివర వదులుంటే గాజు జారుతుంది.

సంతకాల సంగతి తల్లిదండ్రులకి. మైనరు సంతకం చెల్లదు. వైద్యానికి అనుమతి, పడని మందుల జాబితా, ఫీల్డ్ ట్రిప్, ల్యాబ్, హాస్టల్, ఒక్కో పత్రం మీద ముందే సంతకం చేసి ఒక ప్రతి వార్డెన్ దగ్గర, ఒకటి సలహాదారు దగ్గర, ఒకటి పిల్ల దగ్గర ఉంచాలి. పత్రం లేదని తెలిసేది సరిగ్గా జ్వరం వచ్చిన రాత్రే. సంతకం మీదే కదా, మార్కులూ మీవే అనుకోకండి. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్ల వయసు ఎంతైనా, కాలేజీలో చేరిన రోజు నుంచి రికార్డుల మీద హక్కు ఆమెదే. పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడిన పిల్లయితే కాలేజీ మీకు చూపించవచ్చు, చూపించి తీరాలని లేదు. లెక్చరర్‌కి మెయిల్ కూడా పిల్లే రాయాలి: ఏ సెక్షన్, ఏ లెక్క, ఎక్కడిదాకా వచ్చింది, ఎప్పుడు రావొచ్చు. నాలుగు లైన్లు. నాన్నగారు రాసిన మెయిల్ మూడో వాక్యంలోనే పట్టుబడిపోతుంది.

ఒంటరిగా పంపాలా, ఇలా గుంపుగా చేర్చుకునే చోటికా అని అడుగుతారు. రూత్ లారెన్స్ 1983లో 12 ఏళ్లకి ఆక్స్‌ఫర్డ్‌లో చేరి 1985లో ఫస్ట్ క్లాసులో గణితం ముగించింది, లెక్చర్లకి తండ్రి వెంట వచ్చేవారు. అటువైపు సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ 1977లో చిన్నపిల్లల్ని బృందాలుగా తీసుకోవడం మొదలుపెట్టింది, తర్వాత కాలేజీకి ముందు ఏడాది సన్నాహక బడి కూడా పెట్టింది. అమెరికాలోనే మేరీ బాల్డ్విన్ కాలేజీలో ఇలాంటిదే 1985లో అమ్మాయిల కోసమే మొదలైంది. నా ఓటు గుంపుకే. సహాధ్యాయులు ఎంత మంచివాళ్లయినా వాళ్లకి 20 ఏళ్లు. ఏడవాలనిపించినప్పుడు పక్క గదిలో 14 ఏళ్ల పిల్లే ఉండాలి.

రెండో సంవత్సరం గురించి రాయడానికి ఏమీ లేదు, మూడోది గుర్తులేదు.

చివర్లో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. 17కే డిగ్రీ చేతికొస్తుంది, కానీ చాలా ఇంటర్న్‌షిప్‌లూ వేసవి పరిశోధన కోర్సులూ 18 నిండనిదే తీసుకోవు. అద్దె ఒప్పందం మీద సంతకం చెల్లదు. కనుక నాలుగేళ్ల డిగ్రీని రెండున్నరకి కుదించే తొందర వద్దు. మిగిలిన టర్ముల్లో రెండో సబ్జెక్టు తీసుకోవచ్చు, ఒక లెక్చరర్ దగ్గర ఏడాదంతా పరిశోధన చేయొచ్చు. సిఫార్సు ఉత్తరం రాసేవాళ్లకి చెప్పడానికి మార్కులు కాక ఇంకేదైనా ఉండాలిగా. మనలో అలా ఆగినవాళ్లు ఎక్కడున్నారో ఈ సంచిక వెనక పేజీలోని చిరునామాలు చూస్తే తెలుస్తుంది.

కమిటీకి మనవి: ఆ ప్లస్ గుర్తున్న బోర్డు ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే ఈ వ్యాసం పక్కన వేయండి. మేడమ్ రిటైరైన రోజు తలుపు మీది కాగితం ఊడదీసుకుపోయింది మూడో టేబుల్ వాళ్లేనని అందరికీ తెలుసు. కలయిక రోజున పట్టుకు రండి, ఆవిడ వస్తున్నారట.