ఆదివారం మధ్యాహ్నం, మూడు గంటల ఎడారి

ఇవాళ పొద్దుట్నుంచి ఒకటే ఉక్క. బట్టలు ఆరేసి, రాత్రికి దోసెల పిండి రుబ్బి పెట్టేసరికే పన్నెండు దాటింది. భోజనాలయ్యాక నాన్న పేపరు పట్టుకుని ఫ్యాన్ కింద కూర్చున్నారు, నేను టీవీలో ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ పెట్టాను. ఎన్నోసారో గుర్తులేదు. ఇంటర్లో ఉన్నప్పుడు మొదటిసారి చూశాను, అప్పట్నుంచి ఏడాదికోసారైనా చూడకపోతే ఎవరికో బాకీ పడ్డట్టు ఉంటుంది.

మొదటి పది నిమిషాలూ అందులో ఒక్క మాట వినపడదు. గాలి, దుమ్ము, ఒక కుక్క, పాడుబడ్డ వీధిలో ఎదురెదురుగా నడిచొచ్చే మనుషులు. “మాటలు రావట్లేదేంట్రా, సౌండ్ పోయిందా?” అని నాన్న పేపరు చాటునుంచే అడిగారు. లేదు నాన్నా, ఇంకా ఎవరూ నోరు విప్పలేదు అన్నాను. అప్పుడు పేపరు దించి చూడటం మొదలుపెట్టారు.

ఈ సినిమా నన్ను పట్టుకున్నదీ అలాగే. చూడమంటుంది, నిదానంగా చూడమంటుంది. దర్శకుడు సెర్జియో లియోనీ ఎడారిని ఎంత దూరం నుంచి చూపిస్తాడో, మరుక్షణం మనిషి మొహాన్ని అంత దగ్గరికి తెస్తాడు. మొట్టమొదటి షాటే ఉత్త బీడు నేల, ఇంకేం లేదనుకునేలోపు ఎండకు కమిలిపోయిన ఓ మొహం అడ్డంగా వచ్చి తెరంతా నిండిపోతుంది. తుపాకీ పేలేది అర క్షణం, దానిముందు ఎదురుచూపు మాత్రం నిమిషాల తరబడి ఉంటుంది, ఆ ఎదురుచూపులోనే ఎవడు భయపడుతున్నాడో ఎవడు లెక్కలు వేసుకుంటున్నాడో మనకి తెలిసిపోతుంది.

కాసేపటికి నాన్న, “పెదాలు కలవట్లేదు, డబ్బింగా?” అన్నారు. చెప్పాను. కథ అమెరికా అంతర్యుద్ధం నాటిది, తీసింది ఇటలీ వాళ్ళు, ఎడారేమో స్పెయిన్‌లోని అల్మేరియాది, సెట్‌లో ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడేస్తే తర్వాత డబ్బింగ్ చెప్పించుకున్నారు, 1966 చివర్లో విడుదలైంది అని. అది వినగానే ఆయనకి ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తొచ్చింది. ఈ ఇటలీ కౌబాయ్ సినిమాల స్ఫూర్తితోనే 1971లో కృష్ణ తీసింది కదా. పదకొండేళ్ళ వయసులో టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్ మీద చూశారట, ఆ రాజస్థాన్ ఇసుక, ఆ గుర్రాలు చూశాక ఊళ్ళో పిల్లలంతా తాటాకులతో టోపీలు అల్లించుకుని నెల రోజులు అవి పెట్టుకునే తిరిగారట. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు!

ఇంటర్ రోజుల్లో నేను ముందుకు జరిపేసే సీన్ ఒకటుంది, ఇవాళ అదే నన్ను ఎక్కువసేపు వదల్లేదు. వంతెన పేలిపోయాక, కూలిన ప్రార్థనాలయం గోడల మధ్య ఓ కుర్ర సైనికుడు చావుబతుకుల్లో పడుంటాడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ అటు వెళ్తాడు, తన పొడుగు కోటు తీసి వాడిమీద కప్పుతాడు, నోట్లో ఉన్న చుట్ట తీసి వాడి పెదాలకి అందిస్తాడు. వాడు పీలుస్తాడు. కళ్ళు ఒక్క క్షణం నెమ్మదిస్తాయి, అంతే, పోతాడు. అంతకుముందు రెండు గంటలుగా డబ్బు తప్ప ఇంకో ధ్యాస లేని మనిషి ఆ ఈస్ట్‌వుడ్, అవతల శ్మశానంలో పాతిపెట్టిన రెండు లక్షల డాలర్ల బంగారం ఎదురుచూస్తోంది, అయినా అక్కడ ఆగాడు. ఎవడూ దాని గురించి మాట్లాడడు, సినిమా కూడా ఆగి చెప్పదు. నాన్న నోట కూడా మాట రాలేదు, చేతిలో పేపరు మాత్రం ఎప్పుడో మడిచేశారు.

ఇక శ్మశానం. బుర్గోస్ ప్రాంతంలో స్పెయిన్ సైనికుల చేత వేలకొద్దీ ఉత్తుత్తి సమాధులు కట్టించి తయారుచేసిన చోటు. టూకో వేషం వేసిన ఈలై వాలాక్ ఆ శిలువల మధ్య పిచ్చిపట్టినట్టు పరిగెడుతుంటే ఎన్నియో మోరికోనె సంగీతం, మాటల్లేని ఆడగొంతు ఒక్కటే పైపైకి పోతుంటే, నాకు ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. తర్వాత ఈస్ట్‌వుడ్, వాలాక్, లీ వాన్ క్లీఫ్ ముగ్గురూ శ్మశానం నడిమి రాళ్ళ వలయంలో ఎదురెదురుగా నిలబడతారు. కళ్ళు, చేతులు, తుపాకీ పిడి, మళ్ళీ కళ్ళు. లీ వాన్ క్లీఫ్ కుడిచేతి మధ్యవేలికి చివర కణుపు లేదని ఇవాళే సరిగ్గా గమనించాను. తుపాకీ వైపు వణక్కుండా జరుగుతున్న ఆ మొండివేలు చూస్తుంటే టెన్షన్ తట్టుకోలేక కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను, తర్వాత ఏమవుతుందో నాకు తెలిసి కూడా. పక్కన నాన్న చెయ్యి కూడా అలాగే బిగుసుకుని ఉంది.

ఆ వలయం ఏళ్ళ తరబడి మట్టిలో పూడిపోతే, 2015 నుంచి అభిమానులు పారలు పట్టుకుని వెళ్ళి మళ్ళీ తవ్వి తీశారు. ఎప్పటికైనా వెళ్ళి ఆ రాళ్ళమీద నిలబడాలని ఉంది.

రాత్రి దోసె తింటూ తింటూ నాన్న ఆగి, “ఆ పిల్లాడి పేరేంట్రా?” అని అడిగారు. టూకోనా అన్నాను. “కాదు, చుట్ట తాగి పోయాడే, వాడు.” సినిమాలో వాడికి పేరు పెట్టలేదు నాన్నా అని చెప్పాను. ఊఁ అని ఇంకో దోసె వేయమన్నారు, కాసేపాగి, రేపు ఆ ముక్క మళ్ళీ ఒకసారి పెట్టమన్నారు.