47 వచ్చింది, కానీ మెక్లాగన్‌కి రెండే వికెట్లు

1934లో జరిగిన మహిళల మొట్టమొదటి క్రికెట్ టెస్టుని పాచికలతో మళ్లీ ఆడిస్తున్నాను, అందులో రావాల్సిన అంకె నిన్న రాత్రి పదకొండు దాటాక వచ్చింది. అక్షరాలా 47, ఆస్ట్రేలియా ఆలౌట్! కేక పెట్టబోయి, పక్కగదిలో అమ్మ పడుకుందని గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. తర్వాత నోట్‌బుక్‌లో బౌలింగ్ లెక్క కూడితే ఉన్న ఉత్సాహమంతా చప్పున చల్లారిపోయింది. ఇంగ్లండ్ బౌలర్ మర్టిల్ మెక్లాగన్‌కి రెండు వికెట్లు. రెండంటే రెండు. నిజం మ్యాచ్‌లో ఆవిడ 10 పరుగులిచ్చి 7 వికెట్లు తీసింది. ఆ రోజు ఆస్ట్రేలియా చేసిన 47లో ఒక్కతే 25 కొట్టిన కాథ్ స్మిత్ నా ఆటలో మొదటి బంతికే పోయింది. తొమ్మిదో నంబర్ అమ్మాయి మాత్రం 21 బాదింది. అంకె కుదిరింది, మ్యాచ్ కుదరలేదు.

నేను చేస్తున్న పని తెలియనివాళ్లకి ఒక్క ముక్క. చిన్నప్పుడు సోషల్ పుస్తకం పేజీలు తిప్పుతూ ఆడిన బుక్ క్రికెట్‌నే కాస్త పెద్దది చేసి, పదిముఖాల పాచికలు రెండు పెట్టుకుని, 1934-35లో జరిగిన మహిళల తొలి టెస్టుల్ని బంతి బంతికీ మళ్లీ ఆడిస్తున్నాను. ఒక పాచిక పదులకి, ఒకటి ఒకట్లకి, రెండూ వేస్తే 00 నుంచి 99 దాకా ఒక అంకె వస్తుంది. ఏ అంకెకి వికెట్, ఏ అంకెకి ఎన్ని పరుగులు అన్నది ఒక్కో ఆటగత్తె పేరున కార్డు మీద రాసుకుంటాను.

అయినవి ముందు చెప్పేస్తాను. సిడ్నీ టెస్టులో మెక్లాగన్ 119, మహిళల టెస్టుల్లో తొలి సెంచరీ. నా దగ్గర 104 వచ్చింది, చాలు. మెల్‌బోర్న్ అక్కడా డ్రానే, ఇక్కడా డ్రానే. క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ మీద ఇంగ్లండ్ బ్యాటర్ బెట్టీ స్నోబాల్ కొట్టిన 189కి రెండో ప్రయత్నంలో 174 పడింది.

మిగిలింది బ్రిస్బేన్. 1934 డిసెంబర్ 28న ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో మొదలైన మొట్టమొదటి మహిళల టెస్టు. ఇంగ్లండ్ మగవాళ్ల జట్టు ఆస్ట్రేలియా బ్యాటర్ల ఒంటి మీదకి బంతులేసిన బాడీలైన్ గొడవ ముగిసి రెండేళ్లు కూడా నిండలేదు. ఇంగ్లండ్ అమ్మాయిలు సొంత డబ్బుతో టికెట్లు కొనుక్కుని ఓడెక్కి వచ్చారు. అటు కెప్టెన్ బెట్టీ ఆర్చ్‌డేల్, ఇటు మార్గరెట్ పెడెన్. ఆస్ట్రేలియా 47. ఇంగ్లండ్ 154, అందులో మెక్లాగన్ బ్యాటింగ్‌లో కూడా 72. మళ్లీ ఆస్ట్రేలియా 138, ఎస్సీ షెవిల్ 63 నాటౌట్. ఇంగ్లండ్ ఒక వికెట్ పోగొట్టుకుని 34 కొట్టి గెలిచింది. చదివితే నాలుగు ముక్కలు. ఆడిస్తే మూడు నెలలుగా నా ప్రాణం తీస్తోంది.

మొదటి పద్ధతి అందరూ వాడేదే. 00 నుంచి 02 దాకా వికెట్, ఆ తర్వాత ఇరవై అంకెలు సింగిల్, నాలుగు అంకెలు రెండేసి, రెండు అంకెలు ఫోర్, మిగతా 71 ఖాళీ బంతులు. అంటే వంద బంతులకి 36 పరుగులు, 3 వికెట్లు. వికెట్‌కి 12, జట్టుకి 120. ఇలా ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌ని 23 సార్లు ఆడించాను. ఇన్నింగ్స్‌కి అటూ ఇటూగా 330 బంతులు, కాబట్టి మొత్తం ఏడున్నర వేల సార్లు పాచికలు పడ్డాయి. సగటు 118. అన్నిటికంటే ఎక్కువ 203. అన్నిటికంటే తక్కువ 63. అరవై గీత దాటి కిందకి ఒక్కసారి కూడా దిగలేదు.

ముందు అనుమానం పాచికల మీదకే పోయింది. ఊరూ పేరూ లేని సెట్టు, ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని కొన్నాను. పదుల పాచికని విడిగా 500 సార్లు వేశాను. ఒక్కో అంకె 50 సార్లకి అటూ ఇటూ రావాలి. సున్నా 71 సార్లు వచ్చింది. గాజు గ్లాసు నీళ్లలో ఉప్పు ఇక కరగనంత దాకా కలిపి అందులో వదిలితే అది తేలింది. వేలితో పది సార్లు తిప్పితే ఎనిమిది సార్లు అదే సున్నా పైకి వచ్చింది. దొంగ దొరికాడని సంబరపడ్డాను. పొద్దున కాఫీ తాగుతుంటే వెలిగింది: సున్నాలు ఎక్కువ పడితే వికెట్లు ఎక్కువ పడాలి కదా, నా వికెట్ అంకెలన్నీ సున్నాతోనే మొదలవుతాయి. పాచికలు చేసిన మోసం నాకు అనుకూలంగానే ఉంది, అయినా 63 దగ్గర ఆగింది. అసలు తప్పు ఇంకెక్కడో ఉంది. పాచికలైతే మార్చేశాను. రంగు రంగుల మెరుపులవి వద్దు, అంకెలు లోతుగా చెక్కి ఉన్న మామూలు తెల్లవి తీసుకోండి, రాత్రి పూట కళ్లకి హాయి. వేసేది స్టీలు పళ్లెంలో, కింద మడిచిన తువ్వాలు. తువ్వాలు అమ్మ పుణ్యమే: "అర్ధరాత్రి పాచికల చప్పుడేంటే, ఇల్లా హస్తినాపురమా?"

తమ్ముడు ఐదు నిమిషాల్లో కంప్యూటర్‌లో రాసి నా మొదటి పద్ధతినే లక్ష ఇన్నింగ్స్ ఆడించాడు. 47 గానీ అంతకన్నా తక్కువ గానీ వందకి ఒకటో ఒకటిన్నరో. "నీ ఆట తప్పేం కాదక్కా, నువ్వు ఆడించిందే తక్కువ" అన్నాడు. సరే, వందకి ఒకటి అనుకుందాం. మరి ఏడు వారాలకి, 1935 ఫిబ్రవరిలో, క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ ఆడిన తొలి టెస్టు తొలి ఇన్నింగ్స్ ఎంత? 44 ఆలౌట్. రెండు దేశాలు, రెండిటికీ టెస్టుల్లో మొట్టమొదటి ఇన్నింగ్స్, రెండూ యాభై లోపే. వందకి ఒక్కసారి తగిలే లాటరీ వరసగా ఇద్దరికి తగిలిందంటే నేను నమ్మను. ఏదో ఉంది.

కాబట్టి రెండో పద్ధతి. ప్రతి బ్యాటర్‌కీ మొదటి పది బంతులు బెరుకు. అప్పుడు వికెట్ అంకెలు 7, పరుగులు వందకి 15 మాత్రమే. పది బంతులు నిలబడితే వికెట్ అంకెలు 2కి దిగుతాయి, పరుగులు 30కి పెరుగుతాయి. లెక్క ప్రకారం సగం మందికి పైగా ఆ పది బంతుల్లోనే పోవాలి. ఇది 17 ఇన్నింగ్స్ ఆడించాను. సగటు 84కి దిగింది. 49, 44, 38 ఒక్కోసారి వచ్చాయి, నిన్న 47. ఇంకోసారి 151 కూడా! ఒకే కార్డులతో అటు 47, ఇటు 138 రెండూ వీలయ్యే ఆట మొదటిసారి చేతికి చిక్కింది. ఈ బెరుకు కూడదని, మొదటి బంతి నుంచి చివరి దాకా ఒకే సగటు ఉండటమే న్యాయమని కొందరు వాదిస్తారు, వాళ్లతో ఇక నేను వాదించను. ప్రతిసారీ కచ్చితంగా 47 వచ్చేలా కార్డులు సర్దమని ఇంకొకరి సలహా. ప్రతిసారీ ఒకే తంతు జరిగితే దాన్ని ఆట అనరు, తద్దినం అంటారు.

ఇప్పుడు మెక్లాగన్ దగ్గరికి. ఈ 17 ఇన్నింగ్స్‌లో పడిన 170 వికెట్లలో ఆవిడవి 48. ఇన్నింగ్స్‌కి మూడు కూడా లేవు. ఎక్కువలో ఎక్కువ 5, అదీ ఒక్కసారి. కారణం నా బద్ధకమే. నలుగురు బౌలర్లని వంతుల వారీగా తిప్పుతున్నాను, పంక్తిలో వడ్డించినట్టు. అలా పావు వంతు బంతులు వేసే మనిషికి ఏడు వికెట్లు ఎలా వస్తాయి? ఒక కొసన ఆవిడే ఆపకుండా వేస్తే సగం బంతులు ఆవిడవి. అప్పుడు పది నాణేలు ఎగరేస్తే ఏడు గానీ ఎక్కువ గానీ బొమ్మలు పడటంతో సమానం: 1024లో 176, నూటికి 17. ఇది భరించొచ్చు.

అసలు ముడి 7 దగ్గర కాదు, 10 దగ్గర పడింది. సగం బంతులు వేసిన మనిషి 47లో 10 మాత్రమే ఇచ్చింది. నా కార్డుల మీద పరుగులన్నీ బ్యాటర్‌వే, బౌలర్‌కి అందులో నోరే లేదు. ఆవిడ వేసేది ఆఫ్ స్పిన్. ఆవిడ బంతిని ముందుకొచ్చి కొట్టాలా, వెనక్కెళ్లి ఆడాలా తేల్చుకోలేక అక్కడికక్కడే ఇరుక్కుపోయారని నా ఊహ. మెక్లాగన్ వేస్తున్నప్పుడు సింగిల్ అంకెల్ని నాలుగో వంతుకి కోసేసి చూశాను. 3 ఇన్నింగ్స్‌లో ఆవిడకి 6, 4, 7 వికెట్లు. ఏడు తీసిన దాంట్లో ఇచ్చింది 13. దగ్గరికి వచ్చాం.

కానీ అదే కార్డుతో రెండో ఇన్నింగ్స్ ఆడిస్తే ఆస్ట్రేలియా మళ్లీ 52కే కుప్పకూలింది! అక్కడ రావాల్సింది 138, వికెట్లు రావాల్సింది ఇంగ్లండ్ ఇంకో బౌలర్ మేరీ స్పియర్‌కి, 15 పరుగులకి 5. షెవిల్ కార్డు మీద ఏం రాసినా 63 దాకా బతకడం లేదు. ఈ మూల సర్దితే ఆ మూల లేస్తోంది, పెద్ద మంచం మీద చిన్న దుప్పటి పరిచినట్టు.

ఇంతలో ఒకటి తోచింది. బెరుకుని నేను బ్యాటర్‌కి కట్టాను. దాన్ని బ్యాటరూ బౌలరూ కలిసిన జంటకి కడితే? ఫలానా బౌలర్‌వి మొదటి ఇరవై బంతులు చూసేదాకా బెరుకు, చూశాక ఆ బౌలర్ వరకు పోయినట్టే, రెండో ఇన్నింగ్స్‌కి కూడా ఆ చూపు మిగులుతుంది. అప్పుడు మెక్లాగన్ పదును తనంతట తానే తగ్గి, స్పియర్ మొదటి సారి పెద్దగా ఎదురుపడకపోతే రెండో సారి తనకి వంతు వస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. అదే మ్యాచ్‌లో ఆస్ట్రేలియా తరఫున ఆన్ పామర్ 18 పరుగులకి 7 తీసింది. బెరుకు ఆస్ట్రేలియా వాళ్ల సొత్తే అయితే ఇది కుదరదు, జంటకి కడితే కుదురుతుంది. తమ్ముడు వెంటనే పుల్ల పెట్టాడు: "పెర్త్‌లో దిగి రాష్ట్ర జట్లతో ఆడుకుంటూనే వచ్చారు కదా, మరీ అంత కొత్తేంటి?" నిజమే. కొందరికి బెరుకు ఇరవై బదులు పది బంతులే పెట్టాలేమో. ఎవరికి పెట్టాలో తేల్చడానికి ఇంకో నోట్‌బుక్కు కావాలి.

ఈ జంటల పద్ధతిలో బంతి బంతికీ రెండు చోట్ల టిక్కులు పెట్టాలి. ఒక్క ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి గంటన్నర. టిక్కులకి నటరాజ్ పెన్సిలే మేలు, అప్సరా ముదురుగా పడుతుంది గానీ నాకు తొందరగా అరిగిపోతుంది. కార్డులకి పాత శుభలేఖల వెనక వైపు వాడుతున్నాను, తొమ్మిది సెంటీమీటర్లకి ఆరు. కొన్న అట్ట ఏదీ అంత మందంగా, అంత నున్నగా ఉండదు. బొమ్మ అంటించడానికి ఫెవిస్టిక్ చాలు, నీళ్ల జిగురు ఏది రాసినా కార్డు అప్పడంలా వంకర తిరుగుతుంది. పదిహేడేళ్లకే టెస్టు ఆడిన లెగ్ స్పిన్నర్ పెగ్గీ ఆంటోనియో కార్డు మూల పసుపు మరక అలాగే ఉంది. చెరిపేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.

బ్రిస్బేన్ తేలాక 1958 ఫిబ్రవరి మెల్‌బోర్న్ టెస్టు, సెయింట్ కిల్డా జంక్షన్ ఓవల్‌లో. మొదటి రోజు వానకే పోయింది. తర్వాత ఆస్ట్రేలియా 38, మేరీ డగ్గన్ 6 పరుగులకి 7. బదులుగా ఇంగ్లండ్ 35, బెట్టీ విల్సన్ 7 పరుగులకి 7, అందులో హ్యాట్రిక్. ఆ విల్సనే రెండో ఇన్నింగ్స్‌లో సెంచరీ కొట్టింది. ఒకే టెస్టులో సెంచరీ, పది వికెట్లు మగవాళ్లలో కూడా అప్పటికి ఎవరూ చేయలేదు. అక్కడ బెరుకు మాట చెల్లదు, అందరూ ఆరితేరినవాళ్లే. తడి పిచ్‌కి విడిగా కార్డు చేసి, అది రోజురోజుకీ ఆరిపోయేలా రాయాలి.

ఆ తర్వాత స్నోబాల్ 189 వెంట పడి ఇటువైపు వచ్చేస్తాను. మహిళల టెస్టుల్లో ఒక్కరు కొట్టిన అత్యధిక స్కోరుగా యాభై ఏళ్లు చెక్కుచెదరని ఆ రికార్డుని 1986లో మన సంధ్యా అగర్వాల్ సరిగ్గా ఒక్క పరుగుతో దాటింది, 190. 2002లో టాంటన్‌లో మన హైదరాబాద్ మిథాలీ 214. మిథాలీకి మొదటి పది బంతుల బెరుకు పెట్టాలా వద్దా అని ఇంట్లో ఇప్పటికే రెండు వర్గాలు అయ్యాయి. అమ్మ మిథాలీ పక్షం.

1958కి 22 కార్డులు కావాలి, నా దగ్గర నాలుగు శుభలేఖలే మిగిలాయి. పిన్ని వాళ్లింట్లో ఒక సంచెడు ఉన్నాయట. ఆదివారం వెళ్లి తెచ్చుకోవాలి.