బోరినా విత్తనాలు చల్లిన రాత్రి

ఆదివారం, రాత్రి 11 గంటలు.

పొద్దున బట్టలుతికి ఆరేసి, మధ్యాహ్నం భోజనం కాగానే ‘హ్వోపీ’ సినిమా పెట్టుకున్నాను. రేమాంట్ రాసిన ఆ పోలిష్ నవలను ఇంగ్లీషు అనువాదంలో చదవడం పూర్తి చేసి వారమే అయింది. హ్వోపీ అంటే రైతులు. శరత్తు, శీతాకాలం, వసంతం, వేసవి అని నాలుగు సంపుటాలు. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది.

2023లో వచ్చిన ఈ సినిమాలో ముందు నటులతో షూటింగ్ చేసి, ఆ దృశ్యాల మీద వందమందికి పైగా చిత్రకారులు ఆయిల్ రంగులు వేశారు. ముసలి రైతు బోరినా, పడుచుపిల్ల యాగ్నాల పెళ్లిలో డ్యాన్స్ చూస్తుంటే ఒళ్లు ఝల్లుమంది. చదివేటప్పుడు ఆ పాటలూ ఆ అడుగులూ నాకు వినపడలేదు. ఆ ఒక్క ఘట్టం కోసమైనా సినిమా మళ్లీ చూస్తాను.

కానీ బోరినా చావు దగ్గర మనసు ఒప్పుకోలేదు.

పుస్తకంలో అడవి కోసం జరిగిన కొట్లాటలో తలకు దెబ్బ తగిలి, ముసలాయన వారాల తరబడి మంచం మీదే ఉంటాడు. ఈలోగా కొడుకు అంతెక్ జైల్లో, కోడలు హాన్కా ఇల్లూ పొలమూ లాక్కొస్తూ ఉంటుంది. నేనైతే ఆయన్ని దాదాపు మర్చిపోయాను. అప్పుడు ఒక వసంత రాత్రి లేచి, పొలానికి వెళ్లి, చొక్కా ఒడిలో మట్టి నింపుకుని విత్తనాల్లా చల్లుకుంటూ నడుస్తాడు. ఉండిపొమ్మని పొలాలే ఆయన్ని బతిమాలతాయి. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

సినిమా మొత్తం రెండు గంటల లోపే. మనం ఆయన్ని మర్చిపోయేంత వ్యవధి అందులో లేదు, అందుకే ఆయన లేచినా గుండె ఆగలేదు. పైగా ఈ సినిమా యాగ్నాది. ఊరంతా కలిసి ఆమెను వెళ్లగొట్టాక వానలో ఆమె లేచి నిలబడినప్పుడు ఏడ్చాను. నవల ఆమెకు అంత ఓదార్పు ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది. కానీ నవలలో అసలు మనిషి నేలే. దానికి టైం కావాలి.

సాయంత్రం ఆ పేజీలు మళ్లీ తీసి, వంటింట్లో నిలబడే చదివాను. మళ్లీ అదే దడ.

1972లో ఇదే నవలను 13 భాగాల టీవీ సీరియల్‌గా తీశారు. అందులో బోరినాగా వ్వాదిస్వావ్ హాంచా నటించాడు. అన్ని భాగాలున్నాయి కదా, అక్కడైనా ఆయన్ని మంచం మీద కొన్నాళ్లు పడుకోనిచ్చారేమో. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెడతాను.