ఐదుగురు డిటెక్టివ్ రచయితల్ని ఎంచడానికి మాకు రెండు నెలలు పట్టింది

తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ కింద ఒక రూమ్ ఖాళీగా ఉంటే ఎండాకాలం సెలవుల్లో పిల్లల కోసం చిన్న లైబ్రరీ పెట్టుకున్నాం. అందులో ఒక అర మొత్తం డిటెక్టివ్ పుస్తకాలకే అన్నారు, ఎవరివి కొనాలో చూడమని నాకు అప్పజెప్పారు. బడ్జెట్ ఎనిమిది వేలు, ఐదుగురు రచయితలకి మించకూడదు. వారంలో తేల్చేస్తా అన్నాను, రెండు నెలలు పట్టింది.

నాతో కూర్చున్నది ముగ్గురు. మా నాయన, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయినాడు, చిత్తూరులో అద్దె పుస్తకాల షాపులున్న రోజుల నుంచి ఈ నవలలు చదివిన మనిషి. మూడో ఫ్లోర్ అక్క ఫార్మసిస్ట్. ఇంకొకరు పక్కింట్లో ఇంటర్ చదివే పాప. మొదటి రోజు తలా పది పేర్లు రాస్తే అన్నీ కలిపి ఇరవై ఆరు తేలాయి, ఓట్లేద్దామంటే ఎవరు చదివిన రచయితకి వాళ్ళు వేసుకున్నారు, పోనీ ఎక్కువ అమ్ముడైనవాళ్ళని తీసుకుందాం అంటే నాయన ఒప్పుకోలేదు. "అమ్మకాలు చూసి ఎంచేదానికి మనం కూర్చోవాల్సిన పనేముంది మ్మే" అన్నాడు.

లెక్క కూడా ఆయనే చెప్పినాడు. హంతకుడెవరో తెలిసినాక పుస్తకం మళ్ళీ మొదట్నుంచి చదవాల, క్లూ మన కళ్ళ ముందరే పెట్టి మనల్ని మరిపించి ఉంటే గొప్పోడు, మనకి చూపించకుండా దాచిపెట్టి ఆఖర్లో తీసి చూపిస్తే కాదు. నాకు ఇది చాలా నచ్చింది. నాయనకి కంటి ఆపరేషన్ అయ్యింది కాబట్టి రాత్రిళ్ళు మిద్దె మీద కూర్చుని ఇంగ్లీషువి నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని.

ఎడ్గార్ అలన్ పో దగ్గర పెద్దగా ఆలోచించలేదు. 1841లో రూ మోర్గ్ హత్యల కథ రాశాడు, ఆ డిటెక్టివ్‌తో మొత్తం రాసింది మూడే కథలు. మూడు కథలకే గొప్పోడా అని పాప అడిగింది, అడగాల్సిన మాటే. కానీ ఆ కథలో గదిలోంచి వచ్చిన గొంతు విన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో భాష పేరు చెప్తారు, ఎవరికి వాళ్ళకి రాని భాష పేరే చెప్తారు, రెండోసారి చదివితే జవాబు అక్కడే ఉంది. పాప కూడా ఒప్పుకుంది.

షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ దగ్గరే అసలు గొడవ. 1892లో వచ్చిన స్పెకిల్డ్ బ్యాండ్ కథ (చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి, నిజంగా వదిలేయండి) చెప్పాను. పాము ఈలకి వెనక్కి వస్తుంది, పాలు తాగుతుంది అనేసరికి నాయన ఆపేశాడు. "నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం, అది మన భక్తి, పాము పాలు తాగేదేంది, ఈలకి వచ్చేదేంది" అన్నాడు, చేలో పాముల మధ్య పెరిగిన మనిషికి చెప్పేదేముంది. డాయిల్ మాత్రం 1927లో తన కథల్లో మంచివి పన్నెండు ఎంచి దీన్నే మొదట పెట్టాడు, అది చెప్తే నాయన ఇంకా కోప్పడ్డాడు. రెండు రోజులు డాయిల్ లిస్టులో లేడు. మూడో రోజు రాత్రి నాయనే "ఆ గది ఇంకోసారి చెప్పు" అన్నాడు. మోగని గంట తాడు, పక్క గదిలోకి ఉన్న గాలి రంధ్రం, నేలకి బిగించిన మంచం. హోమ్స్‌కి ఏం కనిపించిందో అదంతా మనకీ కనిపించింది కదా, పాము తప్పు గానీ గది తప్పు కాదు అన్నాడు. డాయిల్ మళ్ళీ లిస్టులోకి వచ్చాడు.

అగాథా క్రిస్టీ కోసం ఫార్మసిస్ట్ అక్క పట్టుబట్టింది, ఆమె మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో ఆసుపత్రి మందుల గదిలో పని చేసింది కాబట్టి విషాల గురించి తెలిసే రాస్తుంది అని. నాకు కష్టమైంది ఇంకో విషయం. 1926లో వచ్చిన రోజర్ అక్‌రాయిడ్ నవల తెలుగులో చెప్తుంటే మన క్రియలు ఊరుకోవు, చంపాడు అంటే మగ, చంపింది అంటే ఆడ, నోరు జారితే సగం గుట్టు బయటపడిపోతుంది. అందుకని పుస్తకమంతా చంపినవాళ్ళు, వచ్చినవాళ్ళు అంటూ లాక్కొచ్చాను. ఆ నవల్లో ఒక్కో మాట ఎంత కొలిచి పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది, నేను చదివిన మూడుసార్లలో కూడా అంత తెలియలేదు.

రేమండ్ చాండ్లర్‌ని తీసేయడం నాకు బాధ, నాకు ఇష్టమైన రచయిత. 1939లో వచ్చిన ఆయన నవల ది బిగ్ స్లీప్‌లో డ్రైవర్‌ని ఎవరు చంపారని సినిమా తీసేవాళ్ళు అడిగితే ఆయనకే తెలియలేదు. మా లెక్కకి నిలవదు. ఆ చోటు బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయకి వెళ్ళింది, 1932లో మొదలైన ఆయన డిటెక్టివ్ బ్యోమకేశ్ తనని డిటెక్టివ్ అనొద్దు, సత్యాన్వేషి అనమంటాడు, ఆ మాట మనకి అర్థం చెప్పక్కర్లేదు.

ఐదో పేరు నాయన మొదటి రోజు నుంచీ అంటున్నదే, కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. మనవాడని ఊరికే పెట్టకూడదు, లెక్క అందరికీ ఒకటే అని నేను గట్టిగా అన్నాను, నాయన సరే అన్నాడు. పాత పుస్తకాల షాపుల్లో వెతికితే ఒక కాపీ దొరికింది, అట్ట లేదు, ఆఖరి పేజీలు చిరిగిపోయాయి. ముగింపే లేకపోతే ఎట్ల చూసేది?

ముగింపు నేను చెప్తా కదా అన్నాడు నాయన. ఎప్పుడో డ్యూటీ దిగి డిపోలో చదివిన నవల. హంతకుడెవరో చెప్పి, మొదట్లోనే ఒక మాట ఉంటుంది, యుగంధర్ అడిగిన దానికి వాడు వేరే దానికి జవాబు చెప్తాడు, చూడు అన్నాడు. పాప పేజీలు తిప్పుతా పోయింది. మూడో అధ్యాయంలో దొరికింది. నేను ఆ పేజీ అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నాను.